తడి లోపలి నుంచే మొదలవుతుంది: స్కాట్లాండ్ శరదృతువులో గోల్ఫ్ ఆడేవాళ్ళ బట్టల లెక్క

అక్టోబర్ మొదటి వారంలో ఉదయం పదింటికి సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండ కాయొచ్చు. ఈడెన్ నది సముద్రంలో కలిసే మూల దాకా, అంటే ఏడో హోల్ (బంతిని చేర్చే గుంతల్లో ఏడోది) దగ్గరికి వెళ్ళేసరికి టోపీ ఎగిరిపోయేంత గాలి. పదకొండో హోల్‌లో ముఖానికి అడ్డంగా కొట్టే తుంపర. పద్నాలుగులో మళ్ళీ ఎండ. పదిహేడులో ఈసారి నిజమైన వాన. అక్కడివాళ్ళు దీన్ని చెడ్డ రోజు అనరు. శరదృతువులో మామూలు రోజు ఇలాగే ఉంటుంది.

ఆ కోర్సు ఊరి అంచున మొదలై దూరంగా వెళ్ళి, చివర్లో గొర్రెలకాపరి కర్ర కొనలా వంపు తిరిగి, మళ్ళీ ఊళ్ళోకే వస్తుంది. దారిలో తలదాచుకోవడానికి చెట్టన్నది దాదాపు లేదు. వైద్య కారణాలుంటే తప్ప బగ్గీ (కోర్సులో తిరిగే చిన్న బండి) ఇవ్వరు. నాలుగు గంటలకు పైగా సమయం, ఎనిమిది కిలోమీటర్లకు మించిన నడక. గాలి దిక్కు మారకపోయినా, పోయేటప్పుడు ముఖానికి తగిలింది వచ్చేటప్పుడు వీపుకు తగులుతుంది. గంటకు 40 కిలోమీటర్ల గాలికి ఎదురుగా 5 కిలోమీటర్ల వేగంతో నడిచే మనిషికి తగిలే గాలి 45. అదే గాలి వెనక నుంచి వస్తే 35. ఒకే జాకెట్ పోయేటప్పుడు చాలక, వచ్చేటప్పుడు ఉడకబెట్టేది ఇందుకే.

హైదరాబాద్‌లో గోల్కొండ కోటను ఆనుకున్న కోర్సులోనో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో ఆడటం నేర్చుకుని బ్రిటన్‌కు చదువులకో ఉద్యోగాలకో వెళ్ళినవాళ్ళకు మొదట అర్థం కానిది అక్కడి వాన తీరు. సెయింట్ ఆండ్రూస్ పక్కనే ఉన్న లూకర్స్‌లో ఏడాది మొత్తం కురిసే వాన హైదరాబాద్ వానకంటే తక్కువే. తూర్పు తీరం కొండల చాటున ఉంటుంది, అసలు తడి పడమటి తీరంలో, ట్రూన్, టర్న్‌బెర్రీ వైపు. కానీ మన దగ్గర గంటసేపు కుండపోతగా కురిసి వెళ్ళిపోయే నీళ్ళు అక్కడ రోజుల తరబడి ముసురుగా రాలతాయి. కుండపోతకు ఆట ఆగుతుంది. ముసురుకు ఎవరూ ఆపరు. నియమాలు కూడా అలాగే ఉన్నాయి. పిడుగు ప్రమాదం ఉందని సహేతుకంగా అనిపిస్తే ఆటగాడు తనంతట తాను ఆపొచ్చు, పోటీ నడిపే కమిటీ ఆపమంటే ఆపాలి. వాన పడుతోంది, చలేస్తోంది అన్నవి ఆపడానికి కారణాలు కావు. అందువల్ల అక్కడ బట్టలు అలంకారం కిందికి రావు, క్లబ్బుల్లాగే, అంటే బంతిని కొట్టే కర్రల్లాగే, ఆట సామాను కిందికి వస్తాయి.

ఇక చలి. అక్టోబర్‌లో ఆ ప్రాంతపు సగటు పగటి గరిష్ఠం 13 డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి కనిష్ఠం 6 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఆ అంకెలు చూస్తే స్వెటర్ చాలనిపిస్తుంది. గాలిని కలిపి చూడండి. 10 డిగ్రీల్లో 40 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి 6 డిగ్రీల్లా తగులుతుంది. ఈ లెక్క కూడా పొడి చర్మానికే. చర్మం తడిగా ఉంటే కథ వేరు.

చెమట లెక్క

ఈ విషయంలో గందరగోళం మొత్తం ఒక్క పొరపాటు నుంచి పుడుతుంది. చలికి మందం, వానకు వాటర్‌ప్రూఫ్ అని రెండు సమస్యలుగా చూసి రెండు వస్తువులు కొంటారు. నిజానికి ఉన్నది ఒకటే సమస్య, తడి. అది బయటి నుంచి ఎంత వస్తుందో లోపలి నుంచీ దాదాపు అంతే వస్తుంది.

పరుగెత్తేవాడి ఒళ్ళు ఒకే తీరున వేడెక్కుతుంది, కూర్చున్నవాడిది ఒకే తీరున చల్లబడుతుంది. గోల్ఫ్ ఆడేవాడిది ఈ రెండూ కాదు. ఏడెనిమిది కిలోల క్లబ్బుల సంచి భుజాన వేసుకుని నాలుగైదు నిమిషాలు చకచకా నడుస్తాడు, ఆ తర్వాత ముందు జట్టు గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) ఖాళీ చేసే దాకా నాలుగైదు నిమిషాలు నిలబడతాడు. నడకలో చెమట పుడుతుంది, నిలబడ్డప్పుడు అదే చెమట చల్లబడి ఒంట్లో వేడిని లాక్కుపోతుంది. పద్దెనిమిది హోల్స్‌లో ఇది కొన్ని పదులసార్లు జరుగుతుంది.

ఎంత వేడి పోతుందో చిన్న లెక్కతో చూడొచ్చు. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2.4 కిలోజౌళ్ళు కావాలి. చొక్కాలో 100 గ్రాముల తడి ఉంటే అది ఆరడానికి 240 కిలోజౌళ్ళు. స్టవ్ మీద 20 డిగ్రీల నీళ్ళు 700 మిల్లీలీటర్లు పెట్టి మరిగించడానికి పట్టే వేడి అది. అందులో పెద్ద భాగం ఇచ్చేది ఒళ్ళే. పైగా నిలకడగా ఉన్న గాలికంటే నీరు వేడిని పాతిక రెట్లు ఎక్కువగా లాగేస్తుంది. తడిసిన చొక్కా మీద ఎంత మందం స్వెటర్ వేసినా వణుకు తగ్గకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి మొదట చూసుకోవాల్సింది జాకెట్ కాదు, ఒంటికి ఆనుకునే బట్ట.

మన దగ్గర గోల్ఫ్ అంటే కాలరున్న కాటన్ టీషర్టు. హైదరాబాద్ ఎండలో అది మంచిదే, తడిని పట్టి ఉంచి ఆరుతూ చల్లబరుస్తుంది. అక్కడ అదే గుణం శత్రువవుతుంది. పత్తి పోగు తన లోపలికే నీటిని తీసుకుంటుంది, ఒక కాటన్ చొక్కా తన బరువుకు మించిన నీటిని మోయగలదు. పాలిస్టర్ పోగు లోపలికి నీరు దాదాపు వెళ్ళదు, మామూలు తేమలో దాని బరువులో 0.4 శాతమే. తడి పోగుల మధ్య పాకి పై పొర చేరి ఆరిపోతుంది. త్వరగా ఆరుతుంది, చవక, కానీ రెండు రౌండ్లకే వాసన పట్టేస్తుంది. మెరినో జాతి గొర్రెల ఉన్ని దారి ఇంకొకటి. అది ఆవిరిని పోగు లోపలే దాచుకుంటుంది, తన బరువులో 30 శాతం దాకా తేమ పట్టినా చేతికి తడి తెలియదు, తేమను పీల్చుకునేటప్పుడు కొద్దిగా వేడి కూడా విడుదల చేస్తుంది. ఆడి ఆగి, ఆడి ఆగి సాగే ఈ ఆటకు మెరినోయే నప్పుతుంది. చదరపు మీటరుకు 150 నుంచి 200 గ్రాముల బరువున్నది, ఒంటికి అతుక్కుని ఉండే కొలతలో తీసుకోవాలి. 250 గ్రాములది కొనేవాళ్ళు పదో హోల్‌కే చెమటలో తడుస్తారు. ఉన్ని గుచ్చుకుంటుందన్న భయం పాత స్వెటర్ల వల్ల వచ్చింది. పోగు మందం 19 మైక్రాన్ల లోపుంటే చాలామందికి గుచ్చుకోదు.

మధ్య పొర, స్వింగ్

రెండో పొర పని గాలిని పట్టి ఉంచడం. వెచ్చదనం ఇచ్చేది బట్ట కాదు, బట్టలో చిక్కిన గాలి. సన్నటి ఫ్లీస్ గానీ, మెడ దగ్గర సగం జిప్పున్న అల్లిక స్వెటర్ గానీ చాలు. మెడ జిప్పు చిన్న వస్తువే అయినా చేసే పని పెద్దది. నడిచేటప్పుడు ఛాతీ దాకా దించి, నిలబడ్డప్పుడు పైకి లాగితే చాలు, బట్ట విప్పకుండానే వెచ్చదనాన్ని పెంచుకోవడం, తగ్గించుకోవడం చేతిలో ఉంటుంది.

ఇక్కడ దుకాణాల్లో పెద్ద తికమక ఒకటుంది. లోపల గాలి ఆపే పొర కుట్టిన స్వెటర్లు గోల్ఫ్ షాపుల్లో బాగా అమ్ముడుపోతాయి. పొడిగా ఉండి గాలి వీచే రోజున వాటిని మించింది లేదు. కానీ వాటి మీద వాన జాకెట్ తొడిగితే ఆవిరి దాటాల్సిన గోడలు రెండవుతాయి. లోపలి గోడ దగ్గరే అది నీరుగా మారిపోతుంది. వానకోటు కింద వేసే మధ్య పొర గాలి ఆపనిదే అయి ఉండాలి. గాలి ఆపే స్వెటర్ కావాలంటే వాన రాని రోజుకు విడిగా పెట్టుకోండి.

చేతులు లేని జాకెట్, అక్కడివాళ్ళు జిలే అంటారు, ఈ ఆట కోసమే పుట్టిందా అనిపిస్తుంది. ఛాతీ, వీపు వెచ్చగా ఉంటే గుండె నుంచి చేతులకు వెళ్ళే రక్తం కూడా వెచ్చగా వెళ్తుంది, భుజాలకు ఏ అడ్డూ ఉండదు. లోపల బాతు ఈకలున్నది మాత్రం వద్దు. తడిస్తే ఈకలు ముద్ద కట్టి, పట్టి ఉంచిన గాలి పోయి, వెచ్చదనం అడుగంటుతుంది. పాలిస్టర్ దూది నింపినది తడిసినా కొంత పని చేస్తుంది.

ఏది కొన్నా ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయాలి. వేయదలచిన పొరలన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని, చేతిలో క్లబ్బుతో బంతి ముందు నిలబడ్డట్టు వంగి, నెమ్మదిగా పూర్తి బ్యాక్‌స్వింగ్ తీసుకోండి, అంటే కొట్టే ముందు క్లబ్బును వెనక్కి ఎత్తినట్టు. మూడు చోట్ల చూడాలి. ముందు భుజం గడ్డం కిందికి వచ్చేటప్పుడు కాలరు గడ్డాన్ని తాకితే తల కదులుతుంది. అంచు నడుము పైకి లేచిపోతే అక్కడి నుంచి గాలీ వానా రెండూ దూరతాయి. మోచేతి మడతలో మూడు పొరలు ముడుచుకుని గట్టిగా అనిపిస్తే ఆ చెయ్యి నిండుగా చాచుకోదు, షాట్ సరిగా తగలదు. ఇది తప్పించుకోవడానికి చాలామంది ఒక సైజు పెద్దది కొంటారు. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. వదులు బట్ట గాలికి తెరచాపలా పటపటలాడుతుంది, పొట్ట దగ్గర వేలాడే గుడ్డ పటింగ్‌లో, అంటే గ్రీన్ మీద బంతిని గుంతలోకి దొర్లించేటప్పుడు, చేతులకు తగులుతుంది. సైజు సరైనదే తీసుకుని, వీపు మీద సాగే గుణం ఉన్న బట్టను వెతకడం మంచిది.

వాటర్‌ప్రూఫ్ అన్న మాట వెనక

జాకెట్ మీది చీటీలో సాధారణంగా రెండు అంకెలుంటాయి, 10,000 అనీ 10,000 అనీ, లేదా 20,000 అనీ. మొదటిది నీటిని ఆపే బలం. బట్టను బిగించి దాని మీద నీటి స్తంభం ఎత్తు పెంచుతూ పోతారు, ఎంత ఎత్తుకు బట్టలోంచి చుక్కలు దిగుతాయో ఆ ఎత్తు మిల్లీమీటర్లలో. 10,000 అంటే పది మీటర్ల నీటి బరువును ఆపిందని. రాలే వాన చుక్కకు అంత ఒత్తిడి ఉండదు. ఒత్తిడి వచ్చేది సంచి పట్టీ భుజాన్ని నొక్కే చోట, తడి బెంచీ మీద కూర్చున్న చోట, గ్రీన్ దగ్గర మోకాలు ఆన్చిన చోట. నాలుగు గంటల ముసురుకు 10,000 కనీసం, సంచి మోసేవాళ్ళకు 15,000 పైన ఉంటే నిశ్చింత. నీటిని కాస్త తట్టుకుంటుందని మాత్రమే రాసిన జాకెట్ పావుగంట తుంపరకు సరి, అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు. కుట్టు మీద లోపలి వైపు టేపు అంటించారా లేదా చూడండి. సూది చేసిన ప్రతి రంధ్రమూ నీటికి దారే. అన్ని కుట్లకూ టేపు ఉండాలి, ముఖ్యమైన కుట్లకే అని రాసి ఉంటే వదిలేయండి.

రెండో అంకె ఆవిరి బయటికి పోయే వేగం, చదరపు మీటరుకు 24 గంటల్లో ఎన్ని గ్రాములు అని. 10,000ను 24తో భాగిస్తే గంటకు సుమారు 417 గ్రాములు. వినడానికి బాగుంది, నడిచేవాడి చెమటకు సరిపోతుంది. కానీ అది ప్రయోగశాల లెక్క. పైగా పరీక్షించే పద్ధతులు రకరకాలు, ఒకే బట్టకు ఒక పద్ధతిలో ఒక అంకె, ఇంకో పద్ధతిలో దాని రెట్టింపు రావొచ్చు. రెండు కంపెనీల అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. రెట్ (RET) అనే కొలత ఇచ్చి ఉంటే దాన్ని నమ్మొచ్చు. అది ఆవిరికి ఎదురయ్యే అడ్డంకి, కాబట్టి తక్కువైతే మంచిది. 6 లోపు చాలా బాగుంటుంది, 13 దాకా పర్వాలేదు, 20 దాటితే ప్లాస్టిక్ సంచి తొడుక్కున్నట్టే.

నీటిని ఆపి ఆవిరిని వదలడం ఎలా సాధ్యమంటే, 1969లో అమెరికాలో బాబ్ గోర్ ఒక ప్లాస్టిక్ కడ్డీని వేడి చేసి ఒక్క ఊపున లాగి సాగదీశాడు. అది తెగకుండా సన్నటి రంధ్రాల వలలా సాగింది. గోర్-టెక్స్ పుట్టింది దాన్నుంచే. చదరపు అంగుళంలో సుమారు 900 కోట్ల రంధ్రాలు. ఒక్కొక్కటి నీటి చుక్కకంటే 20,000 రెట్లు చిన్నది, నీటి ఆవిరి అణువుకంటే 700 రెట్లు పెద్దది. చుక్క లోపలికి దూరదు, ఆవిరి బయటికి పోతుంది.

మరి ఇంత మంచి పొర ఉన్న జాకెట్ కూడా రెండేళ్ళకు కారుతోందని జనం ఎందుకు పారేస్తారు? చాలాసార్లు అది కారదు. పొర మీద కంటికి కనిపించే పై బట్ట ఒకటుంటుంది, దాని మీద నీరు ముత్యాల్లా జారిపోయేలా ఒక పూత పూస్తారు. కొత్త జాకెట్ మీద వాన చుక్క తామరాకు మీద నీటిబొట్టులా దొర్లుతుంది. సంచి పట్టీ రాపిడికి, చేతుల జిడ్డుకు, బట్టల సబ్బు మిగుళ్ళకు ఆ పూత పోతుంది. ముందుగా పోయేది భుజాల మీద, ముంజేతుల మీద. అప్పుడు పై బట్ట నీళ్ళు తాగి బరువెక్కి నల్లగా కనిపిస్తుంది. లోపలి పొరకు ఏమీ కాలేదు, బయటి నీరు ఇంకా లోపలికి రాలేదు. కానీ ఆవిరి పోయే దారి మూసుకుపోయింది. తడి బట్ట చల్లగా ఒంటికి అతుక్కుంటే లోపలి ఆవిరి అక్కడే నీరవుతుంది. మోచేతుల దగ్గర లోపల తడి తగలగానే కారుతోంది అనుకుంటారు. అది వాన కాదు, సొంత చెమట.

రెండో కారణం ఇంకా సులువుగా దొరికేది. జాకెట్ ముంజేతి పట్టీలోంచి లోపలి చొక్కా అర అంగుళం బయటికి వచ్చి ఉంటే, దీపంలో వత్తి నూనెను లాగినట్టు అది వాన నీటిని మోచేతి దాకా లాగుతుంది. మెడ దగ్గర కాటన్ కాలరు పైకి తేలి ఉంటే అక్కడి నుంచి వీపులోకి. వానప్యాంటు కింద మామూలు ప్యాంటు అంచు కనిపిస్తే అక్కడి నుంచి మోకాలి దాకా. జాకెట్ తొడగ్గానే లోపలి చేతులను ఒక మడత పైకి మడిచి, పట్టీని మణికట్టు దగ్గర బిగించాలి. మరీ బిగిస్తే మణికట్టు మడవదు. ఒక వేలు దూరేంత వదులు చాలు.

నిజంగా కారే జాకెట్లూ ఉంటాయి. 2010 అక్టోబర్‌లో వేల్స్‌లోని సెల్టిక్ మానర్‌లో అమెరికా, యూరప్ జట్ల మధ్య పోటీ అయిన రైడర్ కప్ జరిగింది. మొదటి రోజు ఆట మొదలైన రెండు గంటలకే ఆపాల్సి వచ్చింది, ఏడు గంటలకు పైగా ఆగింది. అమెరికా జట్టు కోసం ప్రత్యేకంగా చేయించిన వానబట్టలు ఆ వానకు నిలవలేదు, నీళ్ళు తాగేశాయి. ఆట ఆగిన సమయంలో వాళ్ళు మైదానంలోని దుకాణానికి మనిషిని పంపి మామూలు జనం కొనే వానసూట్లు కొనుక్కోవాల్సి వచ్చింది. ఆ పోటీ చరిత్రలో మొదటిసారి సోమవారం దాకా సాగింది. చివరికి యూరప్ 14½–13½తో గెలిచింది. ఎంత పెద్ద జట్టయినా, అసలు వానలో తొడిగి చూడని బట్టను నమ్మకూడదని ఆ రోజు అందరికీ తెలిసింది.

ఇంట్లో తొడిగి చూడటం పెద్ద పనేమీ కాదు. లోపల బూడిదరంగు కాటన్ టీషర్టు వేసుకోండి, ఆ రంగు మీద తడి మచ్చ వెంటనే కనిపిస్తుంది. జాకెట్ జిప్పు మూసి బాత్రూమ్ షవర్ కింద పది నిమిషాలు, చేతులు పైకెత్తుతూ దించుతూ నిలబడండి. ఆ మాత్రం కదలికకు చెమట పెద్దగా పట్టదు కనుక లోపల కనిపించే ప్రతి మచ్చా నిజమైన కారుడే. వంటింటి తూకం ఉంటే జాకెట్‌ను ముందొకసారి, నీళ్ళు విదిల్చాక ఒకసారి తూచండి. 350 గ్రాముల జాకెట్ వంద గ్రాములు పెరిగిందంటే పూత పోయిందని అర్థం.

ఎప్పుడు తొడగాలి, ఎప్పుడు విప్పాలి

వస్తువులన్నీ సరైనవే కొన్నాక కూడా తడిసేవాళ్ళు తడుస్తూనే ఉంటారు, వేళ తప్పడం వల్ల. మొదటి టీ దగ్గర కాస్త చలిగా అనిపించాలి. వెచ్చగా ఉందంటే రెండో హోల్‌కు చెమట ఖాయం. వాన జాకెట్ మొదటి చుక్కలకే వేసుకోవాలి. ఈ హోల్ అయ్యాక చూద్దాంలే అనుకుంటే భుజాలు తడుస్తాయి, ఆ తడిని లోపలే పెట్టి తాళం వేసినట్టవుతుంది. వాన ఆగగానే జిప్పు తెరవాలి, జాకెట్ ఆరే దాకా ఒంటి మీదే ఉంచుకుని నడవకూడదు.

ప్యాంటుకు ఈ లెక్క వర్తించదు. గాలిలో ఒంటికాలి మీద నిలబడి తడి బూట్ల మీంచి ప్యాంటు ఎక్కించడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. ఆకాశం అనుమానంగా ఉంటే మొదటి టీ దగ్గరే వేసుకోండి, కాళ్ళకు చెమట తక్కువ. పక్క జిప్పు మోకాలి దాకా ఉన్నదే కొనండి. జాకెట్ అంచు నుంచి జారే నీళ్ళన్నీ పడేది తొడల మీదే, అందుకే జాకెట్ ఒక్కటే కొని ప్యాంటు మానేసినవాళ్ళు ముందు తడిసేది అక్కడే. ప్యాంటు అంచు బూటు మీద పడాలి. లోపలికి దోపితే నీళ్ళను బూట్లోకి గొట్టం పెట్టి పోసినట్టే.

బూట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. లోపల నీటిని ఆపే పొర ఉండాలి. తడి వాలుల మీద అడుగున మెత్తటి స్పైకులున్నవే నిలుస్తాయి, స్పైకులు లేనివి జారుతాయి. కాటన్ సాక్సు వద్దు, ఉన్నివి రెండు జతలు, ఒకటి కాళ్ళకు, ఒకటి జిప్ కవరులో.

చేతులు

రౌండ్ పాడయ్యేది ఎక్కువగా చేతుల వల్లే. సన్నటి గొర్రెతోలు గ్లోవ్ పొడిగా ఉన్నప్పుడు చర్మంలా అతుక్కుంటుంది, తడిసిందంటే సబ్బు రాసినట్టు జారుతుంది. వాన గ్లోవులు వేరే జాతి. మైక్రోఫైబర్ నేత, తడిసే కొద్దీ పట్టు పెరుగుతుంది, రెండు చేతులకూ వేసుకోవాలి. వాటిని పొడిగా ఉంచాలని పాకులాడకండి, సగం తడిలోనే అవి జారేది. ముసురు మొదలవగానే వేసుకుని, బాగా తడవనివ్వండి. తోలు గ్లోవులే వాడతామంటే మూడు ఉండాలి, విడివిడి జిప్ కవర్లలో.

షాట్‌కూ షాట్‌కూ మధ్య వేళ్ళు మొద్దుబారకుండా పెద్ద మిట్టెన్లు (నాలుగు వేళ్ళూ ఒకే అరలో దూరే చేతితొడుగులు), వాటిలో వేడినిచ్చే పొట్లాలు పెట్టుకుంటారు. ఆ పొట్లం ఉన్న జేబులో బంతిని మాత్రం కావాలని వేడెక్కించకూడదు. చలికి బంతి తక్కువ దూరం పోతుందన్నది నిజమే, గాలి చిక్కబడుతుంది, బంతి గట్టిపడుతుంది. కానీ కావాలని వేడి చేసిన బంతిని కొట్టడం నియమాల ప్రకారం నిషేధం, శిక్ష పోటీ నుంచి తొలగింపు. పొట్లం ఒక జేబులో, బంతులు ఇంకో జేబులో. దూరం కోసం ఒక మెట్టు ఎక్కువ దూరం కొట్టే క్లబ్ తీసుకుంటే సరిపోతుంది.

గొడుగు విషయంలోనూ ఒక నియమం తెలిసి ఉండాలి. షాట్ కొట్టే క్షణంలో క్యాడీ (సంచి మోసే సహాయకుడు) గానీ ఇంకెవరైనా గానీ కావాలని గొడుగు పట్టుకుని నిలబడకూడదు. తన గొడుగు తానే పట్టుకుని కొట్టొచ్చు, చిన్న పటింగ్‌లో కొందరు అలాగే చేస్తారు. లింక్స్ (సముద్రతీరపు గోల్ఫ్ కోర్సు) గాలికి గొడుగు పై గుడ్డ రెండు పొరలుగా, మధ్యలో గాలి పోయే సందుతో ఉండాలి. గాలి మరీ ఎక్కువైతే దాన్ని మూసి, లోపలి ఊచలకు పొడి తువ్వాలు వేలాడదీయడానికే వాడుకోండి. రెండో తువ్వాలు సంచి లోపల. గ్రిప్ తుడవడానికి ఒకటి, చేతులకు ఒకటి, ఈ రెండూ కలవకూడదు.

తలకు హుడ్ పెట్టుకుని స్వింగ్ చేయకండి, భుజం తిరిగినప్పుడు అది కన్నుకు అడ్డం వస్తుంది. ముందు అంచున్న వాటర్‌ప్రూఫ్ టోపీ, అద్దాలు పెట్టుకునేవాళ్ళకు మరీ అవసరం. చలికి ఉన్ని టోపీ ఇంకొకటి. మెడకు మఫ్లర్ కంటే గొట్టంలా ఉండే మెడపట్టీ మేలు, కొసలు వేలాడవు.

అక్టోబర్ చివరి ఆదివారం అక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ తర్వాత సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలుపెట్టినవాళ్ళ చివరి నాలుగు హోల్స్ ఆట మొత్తంలో అన్నిటికంటే చల్లటి గంటలో పడతాయి. ఒక పొడి మెరినో చొక్కా జిప్ కవరులో పెట్టుకుని, పన్నెండో హోల్ దగ్గర వాన లేని రెండు నిమిషాల్లో మార్చుకుంటే ఆ చివరి గంట మొత్తం మారిపోతుంది. 200 గ్రాముల బరువు, సంచిలో అంతకంటే విలువైన 200 గ్రాములు ఇంకేవీ ఉండవు. వణుకు ఆగకపోయినా, బంతి కింద పెట్టే టీ పుల్లను గుచ్చడానికి వేళ్ళు సహకరించకపోయినా, మాట తడబడుతున్నా స్కోరు సంగతి మరిచి లోపలికి వెళ్ళిపోవాలి. అది ఒంటి వేడి పడిపోతున్నదానికి గుర్తు.

ఈ లెక్కల్లో చాలావరకు మన నేల మీద పనికిరావు. డిసెంబర్ తెల్లవారుజామున హైదరాబాద్‌లో చలిగా మొదలై పదింటికి ఎండ కాసే రోజున పొరల సూత్రం వర్తిస్తుంది, వాన జాకెట్ అక్కర్లేదు. విశాఖలో అక్టోబర్ వాన వెచ్చనిది, గాలిలో తేమ అప్పటికే నిండి ఉంటుంది. ఆవిరి బయటికి పోవడానికి లోపలికీ బయటికీ తేడా ఉండాలి, అక్కడ ఆ తేడా బాగా తక్కువ. ఎంత ఖరీదైన జాకెట్ అయినా ఉడకబెడుతుంది. అక్కడ గొడుగు, త్వరగా ఆరే పాలిస్టర్ చొక్కా, మార్చుకోవడానికి ఇంకొకటి, అంతే.

ఇంటికొచ్చాక

తడి జాకెట్‌ను కారు డిక్కీలో ముద్దగా పడేస్తే వారానికల్లా బూజు వాసన, కుట్ల టేపు ఊడటం మొదలవుతాయి. హ్యాంగరుకు వేసి గదిలోనే ఆరనివ్వండి. ఉతకడానికి భయపడకండి, ఉతక్కపోవడమే జాకెట్‌ను చంపుతుంది. జిడ్డు పేరుకుంటే నీరు ముత్యం కట్టదు. మామూలు డిటర్జెంట్ మిగుళ్ళు నీటిని పట్టుకుంటాయి, ఫాబ్రిక్ కండిషనర్ ఇంకా చేటు. వాటర్‌ప్రూఫ్ బట్టలకని అమ్మే ద్రవ సబ్బుతో, జిప్పులన్నీ మూసి, 30 డిగ్రీల నీళ్ళలో ఉతికి రెండుసార్లు జాడించాలి. ఆరాక చీటీ మీద డ్రయ్యర్ గుర్తు ఉంటే తక్కువ వేడి మీద 20 నిమిషాలు తిప్పండి. ఆ వేడికి పడుకున్న పూత మళ్ళీ లేస్తుంది. తర్వాత భుజం మీద చెంచాడు నీళ్ళు పోసి చూడండి. దొర్లిపోతే చాలు. అప్పటికీ ఇంకిపోతే స్ప్రే పూత కొని వేయాలి. ఫ్లోరిన్ రసాయనాలు లేని కొత్త రకం పూతలు పర్యావరణానికి మేలే, కానీ చేతి జిడ్డును పాతవాటిలా తట్టుకోవు. వాటికి ఉతుకు తరచుగా కావాలి, ముసురు కాలంలో నాలుగైదు రౌండ్లకొకసారి.

బూట్లను హీటర్ మీద పెడితే అడుగు జిగురు వదులుతుంది, తోలు బీటలు వారుతుంది. లోపలి అట్టను బయటికి తీసి విడిగా ఆరేయండి. బూట్లలో న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, గంట తర్వాత ఆ తడి కాగితాలు తీసేసి పొడివి పెట్టండి. పడుకునే ముందు ఇంకోసారి మార్చి గాలి తగిలే చోట వదిలేస్తే తెల్లారేసరికి మళ్ళీ తొడుక్కోవచ్చు.